దూలగొండి పొడి, పార్కిన్సన్స్ మాత్ర: రెండూ కలిపి వాడొచ్చా?

వాణి_బైరాగిపట్టెడ (తిరుపతి)
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. పార్కిన్సన్స్ అని తేలి కొన్నేళ్లయింది. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రోజుకు నాలుగు పూటలు వేస్తున్నాం. పొద్దున మాత్ర వేసిన అరగంటకి మనిషి మామూలుగా తిరుగుతారు. పదకొండు దాటేసరికి మందు బలం తగ్గిపోతుంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాక అడుగు పడదు, పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు అక్కడే ఆగిపోతారు. తర్వాత మాత్ర ఒంటిగంటకి. ఆ రెండు గంటలూ ఇంట్లో అందరికీ టెన్షనే.

మొన్న మా మేనత్త పుత్తూరు నుంచి దూలగొండి గింజల పొడి తెచ్చింది. "డాక్టరు ఇచ్చే మందు దీంట్లోంచి తీసిందే. ఇది పాలల్లో కలిపి తాగితే మాత్రలు మానేయొచ్చు" అంటోంది. నాన్న బాగా ఆశపడుతున్నారు. నెట్‌లో చూస్తే నిజంగానే ఈ గింజలో లెవోడోపా ఉందని రాశారు. మాత్రతో పాటు ఒక చెంచా వేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకా మొదలుపెట్టలేదు, డబ్బా అలాగే ఉంది.

పలమనేరు_రైతు (చిత్తూరు జిల్లా)
అమ్మా, ఏ దూలగొండి అనేది ముందు కనుక్కో. మా తావ కంచెల్లో అల్లుకునే అడవి తీగ ఒకటి. కాయ మీద బంగారు రంగు నూగు ఉంటుంది, ఎండిన కాయ గాలికి ఊగినా ఆ నూగు రాలి ఒంటి మీద పడుతుంది. ఇక ఆ రోజంతా గోక్కోవడమే. చిన్నప్పుడు మేకల వెంట పోయినోళ్లకి బాగా తెలుసు. ఇంకోటి నూగు లేని రకం. దాన్ని తోటల్లో నేల కప్పడానికి, పచ్చిరొట్టగా దున్నడానికి వేస్తారు. రెండూ ఒకే జాతి. గింజ నల్లగా ఉండేది ఉంది, తెల్లగా ఉండేది ఉంది, చారలది ఉంది. పొడి కొట్టాక ఏది ఏదో మాకు కూడా తెలీదు. అంగట్లో కొన్నదా, ఎవరైనా ఇంట్లో కొట్టిచ్చిందా అడుగు.

ఫార్మసీ_రమణయ్య (చిత్తూరు)
వాణి గారూ, మీ మేనత్తగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం చాలా గొప్ప నిజం. అందుకే మిగతా సగం ప్రమాదం.

లెవోడోపాని మొదట 1913లో బాకలా చిక్కుడు (ఫావా బీన్స్) నుంచి వేరు చేశారు. దూలగొండి గింజలో అది ఉందని 1937లో మన మద్రాసులోనే దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. అప్పటికి అది పార్కిన్సన్స్‌కి పనికొస్తుందని ఎవరికీ తెలీదు. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఒకటుందని, కదలికకి అది కావాలని కార్ల్‌సన్ 1950ల చివర్లో చెప్పారు. పార్కిన్సన్స్ రోగుల మెదడులో అది బాగా తగ్గిపోతోందని 1960లో హార్నికీవిచ్ బృందం కనిపెట్టింది. పెద్ద మోతాదులో లెవోడోపా ఇచ్చి రోగులను లేపి నడిపించింది 1960ల చివర్లో కోట్జియాస్. అంటే గింజలో వస్తువు దొరికిన ముప్ఫై ఏళ్లకి అది మందయింది.

ఇప్పుడు మాత్రలోని లెవోడోపా గింజల్లోంచి తీయరు, కర్మాగారంలో తయారుచేస్తారు. దాన్ని చేసే రసాయన పద్ధతికే విలియం నోల్స్‌కి 2001లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. గింజలోని అణువూ మాత్రలోని అణువూ ఒకటే, తేడా లేదు. తేడా అంతా కార్బిడోపా దగ్గర ఉంది.

లెవోడోపా మెదడులోకి చేరి అక్కడ డోపమైన్‌గా మారితేనే పని. అది ఒక్కటే మింగితే చాలావరకు పేగుల్లో, రక్తంలోనే డోపమైన్‌గా మారిపోతుంది. డోపమైన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. అలా బయట మిగిలిపోయిన డోపమైన్ వికారం, వాంతులు తెప్పిస్తుంది, బీపీ పడేస్తుంది. కార్బిడోపా ఆ మార్పుని మెదడు బయట ఆపుతుంది. దాంతో లెవోడోపా అవసరం దాదాపు నాలుగో వంతుకి దిగుతుంది.

ఇక మీ ప్రశ్న. గింజలో లెవోడోపా సాధారణంగా 4 నుంచి 6 శాతం. చెంచా పొడి 5 గ్రాములనుకుంటే అందులో 200 నుంచి 300 మిల్లీగ్రాములు. గింజ ఒక్కటే తినేవాళ్లలో ఇందులో ఎక్కువ భాగం వృథా అవుతుంది. కానీ మీ నాన్నగారి ఒంట్లో మాత్ర ద్వారా వచ్చిన కార్బిడోపా ముందే ఉంది. అది పొడిలోని లెవోడోపాని కూడా కాపాడుతుంది. కాబట్టి ఆయనకు ఆ చెంచా అంటే నిజంగానే రెండు మూడు 100 మిల్లీగ్రాముల మాత్రలు అదనంగా వేసినట్టు. పాలల్లో కలిపిన పొడి అని తేలిగ్గా తీసుకోకండి.

వైద్య_హేమలత (తిరుపతి, ఆయుర్వేదం)
రమణయ్య గారు చెప్పింది అక్షరాలా నిజం. మా వైపు నుంచి రెండు మాటలు.

మా గ్రంథాల్లో దీన్ని కపికచ్ఛువు, ఆత్మగుప్త అంటారు. కంపవాతంలో వాడుక ఉంది. అయితే గింజని అలాగే పొడి కొట్టి ఇవ్వం. పాలల్లో ఉడికించి, పై పొట్టు తీసేసి, ఎండబెట్టి అప్పుడు చూర్ణం చేస్తాం. ఎవరికి ఎంత అనేది మనిషిని చూసి, జీర్ణశక్తి చూసి నిర్ణయిస్తాం. ఇంట్లో ఎవరో కొట్టిచ్చిన పొడికి ఆ శుద్ధి జరిగిందో లేదో తెలీదు.

నా దగ్గరికి పార్కిన్సన్స్ వాళ్లు వస్తే నేను మొదట అడిగేది అల్లోపతి మాత్రల చీటీ. అందులో లెవోడోపా ఉంటే దూలగొండి రాయను. ఇంకేదైనా చేయాలన్నా న్యూరాలజిస్టుకి చెప్పే చేస్తాను. మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, మెడ భుజాలు బిగుసుకుపోవడం లాంటివాటికి మేం చేయగలిగింది ఉంది. "మాత్రలు మానేయండి" అని చెప్పే వైద్యుడు ఏ పద్ధతి వాడైనా నమ్మొద్దు.

న్యూరో_పీజీ
వాణి గారూ, మేం ఓపీలో తరచూ చూసేది చెప్తాను. కుటుంబం ఏదో పొడి మొదలుపెడుతుంది, మాకు చెప్పదు. రోగికి చేతులూ మెడా మెలికలు తిరిగినట్టు ఊగుతాయి. లెవోడోపా ఎక్కువైతే అలా అవుతుంది. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. కొందరికి లేని మనుషులు కనిపిస్తారు. కొందరు లేచి నిలబడగానే బీపీ పడిపోయి కింద పడతారు. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే పార్కిన్సన్స్ కన్నా అదే పెద్ద కష్టం.

ఇంతకన్నా భయపడాల్సింది రెండోది. పొడి వేస్తున్నాం కదా అని మాత్రలు ఒక్కసారిగా ఆపేయడం. అకస్మాత్తుగా ఆపితే ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, స్పృహ తప్పే పరిస్థితి రావచ్చు. ప్రాణాపాయం. తగ్గించాలన్నా డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి.

దూలగొండి మీద మంచి పరిశోధనలు లేవని మాత్రం నేను అనను. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగుల మీద చేశారు. ముప్ఫై గ్రాముల దూలగొండి తయారీ ఇస్తే మందు త్వరగా పట్టింది, మాత్ర కన్నా ఎక్కువసేపు నిలిచింది. 2017లో బొలీవియాలో పద్దెనిమిది మంది మీద చేసినప్పుడూ ఒక్కో మోతాదు ఫలితం బాగుంది. ఇక్కడిదాకా చదివి ఆగిపోతే మీ మేనత్తగారి మాటే గెలుస్తుంది. కానీ అదే బృందం రోజూ వాడించి చూసినప్పుడు సగం మంది మధ్యలోనే మానేశారు, కొందరు కడుపులో ఇబ్బందితో, కొందరు కదలిక ఇంకా తగ్గిపోయి. ఒక పూట పనిచేయడం వేరు, ఏళ్ల తరబడి పనిచేయడం వేరు.

మాత్రలు కొనలేని దేశాల్లో దీన్ని వాడొచ్చా అనేది ఆ పరిశోధకుల ప్రశ్న. అది చాలా విలువైన ప్రశ్న. మన దగ్గర లెవోడోపా మాత్ర అందుబాటులోనే ఉంది, మీ నాన్నగారికి అది పనిచేస్తోంది కూడా.

పదకొండు గంటల సమస్యకి ఒకటి అడుగుతాను. పొద్దున టిఫిన్ ఏం తింటారు? మాత్రకీ దానికీ ఎంత ఎడం?

వాణి_బైరాగిపట్టెడ
మాత్ర, టిఫిన్ ఒకేసారి. పెసరట్టు ఎక్కువ. రెండు గుడ్లు కూడా తింటారు, నీరసం రాకూడదని అమ్మ పెడుతుంది. పైన ఒక గ్లాసు పాలు.

న్యూరో_పీజీ
డాక్టరుకి ఈ మాట తప్పక చెప్పండి. లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పప్పు, గుడ్డు, పాలల్లోని మాంసకృత్తులు అరిగితే వచ్చేవీ అమైనో ఆమ్లాలే. పేగు గోడ దగ్గర, తర్వాత మెదడు గడప దగ్గర ఇవన్నీ ఒకే దారిలో పోవాలి. పెసరట్టు, గుడ్లు, పాలు అన్నీ మాత్రతో పాటు దిగితే మందుకి దారి దొరకదు. మాత్ర భోజనానికి అరగంట ముందు ఖాళీ కడుపున వేసి, పప్పు గుడ్ల భాగాన్ని ఎక్కువగా రాత్రికి మారిస్తే చాలామందికి తేడా కనిపిస్తుంది. మాంసకృత్తులు మానేయడం కాదు, వేళ మార్చడం. ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

కొర్లగుంట_ప్రసాద్ (తిరుపతి)
డాక్టర్ల మాట కాదనను. కానీ నాకొక బాధ ఉంది, చెప్పనివ్వండి. 1937లో మనవాళ్లే కనిపెట్టినదానికి ఇన్నేళ్లయినా మన దేశంలో వేలమంది మీద పరీక్ష ఎందుకు జరగలేదు? మొక్కకి పేటెంటు రాదు, కంపెనీకి లాభం లేదు. అందుకే ఎవరూ డబ్బు పెట్టరు. పెట్టకపోతే రుజువు రాదు. రుజువు లేదు కాబట్టి పనికిరాదంటారు. ఈ చక్రం తిరిగినన్నాళ్లూ మన పెద్దల అనుభవానికి విలువ రాదు.

ఫార్మసీ_రమణయ్య
ప్రసాద్ గారూ, పేటెంటు గురించి మీరన్నది చాలావరకు నిజమే. ప్రభుత్వ డబ్బుతో జరగాల్సిన పని అది. అయితే మొక్కల మీద పెద్ద పరీక్షలే జరగలేదనుకోవద్దు. జింకో అనే చెట్టు ఆకు సారాన్ని అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మంది మీద దాదాపు ఆరేళ్లు పరీక్షించి చూశారు. 2008లో ఫలితం వచ్చింది: మతిమరుపు జబ్బు రాకుండా అది ఆపలేదు. ఫ్రాన్స్‌లో 2,800 మందికి పైగా మీద ఇంకో పరీక్ష, 2012లో అదే ఫలితం. చైనా వాళ్లు ఒక మొక్కలోంచి తీసే హుపర్జైన్‌ని అమెరికాలో అల్జీమర్స్ వాళ్ల మీద పరీక్షించారు, ఇచ్చిన మోతాదులో ఆశించిన ఫలితం రాలేదు. ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ పెద్ద మోతాదులో అల్జీమర్స్ వాళ్లకి ఏడాది పాటు ఇచ్చారు, జ్ఞాపకం మెరుగుపడలేదు.

మొక్క నుంచి వచ్చి పరీక్షలో నెగ్గినవి కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. స్నోడ్రాప్ అని చలిదేశాల్లో మంచు కరిగే వేళ పూసే తెల్లపూల మొక్క ఉంది. దాని దుంపల్లోని గలాంటమైన్ మీద 1950ల మొదట్లో సోవియట్ శాస్త్రవేత్తలు పనిచేశారు. బల్గేరియాలో పాస్కోవ్ దాన్ని మందుగా తెచ్చారు, మొదట పోలియో వచ్చి చచ్చుబడిన కండరాలకి వాడారు. 2001లో అమెరికాలో అల్జీమర్స్‌కి అనుమతి వచ్చింది.

రివాస్టిగ్మిన్ కథ ఇంకా విచిత్రం. పశ్చిమాఫ్రికాలో కలబార్ అనే ప్రాంతంలో ఒక విషపు గింజ ఉంది. నేరం చేశాడో లేదో తేల్చడానికి మనిషి చేత దాన్ని తినిపించేవారట. చస్తే దోషి, కక్కేసి బతికితే నిర్దోషి. ఆ గింజలోని ఫైసోస్టిగ్మిన్‌ని 1864లో వేరు చేశారు. 1935లో పెర్సీ జూలియన్ అనే నల్లజాతి అమెరికన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. నేరుగా మందుగా వాడితే దాని పని చాలా తక్కువసేపు, ఇబ్బందులు ఎక్కువ. అణువుని మార్చి మార్చి చివరికి రివాస్టిగ్మిన్ చేశారు. 2000లో అల్జీమర్స్‌కి, 2006లో పార్కిన్సన్స్‌తో వచ్చే మతిమరుపుకి అనుమతి దొరికింది. వీపు మీద అంటించే పట్టీ రూపంలో మన దగ్గరా దొరుకుతుంది.

ఆ గింజనే పొడి కొట్టి పాలల్లో ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇంకో మాట. గలాంటమైన్, రివాస్టిగ్మిన్ రెండూ చేసేది ఒకటే పని: మెదడులో జ్ఞాపకానికి కావాల్సిన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విరిగిపోకుండా కాస్త ఆపడం. దాంతో జ్ఞాపకం, చురుకు కొంతకాలం నిలబడతాయి. నరకణాలు చనిపోవడాన్ని అవి ఆపవు. మొక్కలోంచి తీసినదేదీ ఇప్పటిదాకా ఆ పని చేసినట్టు మనుషుల్లో రుజువు కాలేదు. లెవోడోపా కూడా లోటు పూడుస్తుందంతే.

శారద_చంద్రగిరి
ఇదంతా చదువుతుంటే నా గోడు చెప్పుకోవాలనిపించింది. మా అత్తమ్మకి అల్జీమర్స్. డొనెపెజిల్ మాత్ర వాడుతున్నాం. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. ఆకలేసినప్పుడు మాత్రం "అమ్మీ" అంటుంది. రాత్రి పసుపు పాలు ఇస్తాను, మిరియాల పొడి చిటికెడు వేసి. సరస్వతి ఆకు పప్పులో వేస్తాను, పచ్చడి చేస్తాను. ఇవి మానేయాలా? పసుపు క్యాప్సూల్స్ కొంటే మంచిదని అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ చెప్పింది. డబ్బా చాలా ఖరీదు.

వైద్య_హేమలత
శారదా, వంటలో వేసేది ఏదీ మానేయకమ్మా. పప్పులో నాలుగు ఆకులు, పాలల్లో చిటికెడు పసుపు అత్తమ్మకి ఏ హానీ చేయవు. తృప్తిగా తింటోంది, అది ముఖ్యం.

నువ్వు కొనే ఆకు ఏదో చూసుకో. గుండ్రంగా, అంచుకి చిన్న నొక్కులతో, ఒక్కో ఆకూ పొడుగు కాడ మీద లేచి ఉంటే అది మన సరస్వతి ఆకు, మండూకపర్ణి. చిన్నచిన్న మందపాటి ఆకులు, చెరువు గట్ల దగ్గర నేల మీద పాకుతూ తెల్లని చిన్న పూలు పూసేది నీటి బ్రాహ్మి. రెండిటినీ ఒకే పేరుతో అమ్ముతారు. పరిశోధనల్లో బకోసైడ్లు అనే పదార్థాల గురించి చదివేది రెండోదాని సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మూడు నెలలు వాడాక నేర్చుకున్నది గుర్తుంచుకోవడం కొంచెం మెరుగైందని ఫలితాలున్నాయి. అల్జీమర్స్ వచ్చినవాళ్లలో అలాంటి గట్టి ఆధారం లేదు. దాని సారం క్యాప్సూల్స్ డొనెపెజిల్‌తో కలిపితే నాడి నెమ్మదించడం, విరేచనాలు ఎక్కువ కావచ్చు. డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకు.

ఫార్మసీ_రమణయ్య
పసుపు క్యాప్సూల్ సంగతి నేను చెప్తాను. పసుపులో కర్కుమిన్ అనే పదార్థం దాదాపు మూడు శాతం. నోటి ద్వారా తీసుకున్నది రక్తంలోకి చేరేది చాలా తక్కువ, చేరింది కూడా కాలేయంలో వెంటనే మారిపోయి బయటికి పోతుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే రక్తంలో కర్కుమిన్ మోతాదు బాగా పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులే చూపించారు. ఎందుకు పెరిగింది? కాలేయం, పేగులు మందుల్ని మార్చే పనిని పైపరిన్ తగ్గిస్తుంది కాబట్టి. ఆ పని తగ్గితే మిగతా మాత్రల మోతాదు కూడా రక్తంలో పెరుగుతుంది. మూర్ఛ మాత్ర ఫెనిటాయిన్‌తో ఇది చూశారు. పాలల్లో చిటికెడు మిరియాలకి భయం లేదు. సారం నింపిన క్యాప్సూల్ వేరు.

అల్జీమర్స్ వాళ్లకి రోజుకు 2 గ్రాములు, 4 గ్రాములు కర్కుమిన్ ఇచ్చి 24 వారాలు చూశారు. 2012లో ఫలితం ప్రకటించారు. ప్రయోజనం కనబడలేదు. జబ్బు లేని పెద్దవాళ్లు 40 మంది మీద బాగా ఇమిడే రకం కర్కుమిన్‌తో 18 నెలలు చేసిన పరీక్ష 2018లో వచ్చింది. అందులో జ్ఞాపకం మెరుగైంది. అది చిన్న పరీక్ష, పెద్దది జరగాలి. ఈలోగా గాఢమైన పసుపు క్యాప్సూల్స్ వల్ల కాలేయం వాచిన కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి. అశ్వగంధ క్యాప్సూల్స్‌తో కూడా అలాంటివి వచ్చాయి.

శారద గారూ, ఆ డబ్బా డబ్బుతో అత్తమ్మ గదికీ బాత్‌రూముకీ మధ్య గోడకి పట్టుకునే కడ్డీ, రాత్రి వెలిగే చిన్న లైటు పెట్టించండి.

శేషాచలం_స్కాలర్ (తిరుపతి, వృక్షశాస్త్రం)
ఇప్పటిదాకా మొక్కలు బాగుచేస్తాయా అనే మాట్లాడారు. మొక్కలు మెదడుని, నరాల్ని పాడుచేసే కథలు కూడా ఇదే శాస్త్రంలో ఉన్నాయి. అవి మన జిల్లాకి మరీ దగ్గరివి.

కేసరి పప్పు తెలుసు కదా. కరువు రోజుల్లో నెలల తరబడి అదే తిన్నవాళ్లకి కాళ్లు బిగుసుకుపోయి, మునివేళ్ల మీద కర్ర పట్టుకుని నడవాల్సి వచ్చేది. వచ్చింది పోదు. ఆ గింజలో నరాలకి విషమైన అమైనో ఆమ్లాన్ని భారతీయ శాస్త్రవేత్తలే 1964లో వేరు చేసి చూపించారు.

లక్ష్మణఫలం ఆకుల టీ క్యాన్సర్‌కి మంచిదని ఇప్పుడు తిరుపతి నర్సరీల్లో కూడా మొక్కలు కొంటున్నారు. కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్ అనే దీవిలో మామూలు పార్కిన్సన్స్‌లా ఉండి, లెవోడోపాకి లొంగని జబ్బు ఎక్కువగా కనిపించింది. అక్కడివాళ్లు లక్ష్మణఫలం పండు, దాని ఆకుల కషాయం బాగా తీసుకుంటారు. 1999లో ఈ రెండిటికీ సంబంధం ఉండొచ్చని పరిశోధకులు రాశారు. ఆ చెట్టులోని అనోనాసిన్‌ని ఎలుకలకు ఎక్కిస్తే మెదడులో నరకణాలు చనిపోయాయి. అప్పుడప్పుడు పండు తింటే జబ్బు వస్తుందని ఎవరూ అనలేదు. రోజూ కషాయం తాగేవాళ్లు, అందులోనూ పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు, దూరంగా ఉండాలి.

నేను అసలు రాయాలనుకున్నది పేరిత గురించి. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు. చూడ్డానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది. కొండ మీద గడ్డి తగలబడినా మొదలు మాడి మళ్లీ చిగురు వేస్తుంది. మగ చెట్టుకి నడినెత్తిన గోధుమ రంగు కంకి వస్తుంది. దాన్నే కోసుకొచ్చి మదనమస్తు పేరుతో ఒంటికి బలం, నరాలకి బలం అని అమ్ముతారు. కంకి పోతే పుప్పొడి లేదు, పుప్పొడి లేకపోతే ఆడ చెట్టుకి గింజ కట్టదు. అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన మొదటి జాబితాలో ఉన్న చెట్టు ఇది. అమ్మేవాళ్ల మీద కన్నా కొనేవాళ్ల మీద నాకు బాధ ఎక్కువ.

దీనికి దగ్గరి చుట్టమైన చెట్టు పసిఫిక్ సముద్రంలో గువామ్ దీవిలో ఉంది. అక్కడి చమారో ప్రజలు దాని గింజల్ని నీళ్లలో మార్చి మార్చి నానబెట్టి పిండి చేసుకునేవారు. 1950లలో ఆ దీవిలో కండరాలు చచ్చుబడే జబ్బు, పార్కిన్సన్స్, మతిమరుపు కలగలిసిన వింత జబ్బు మిగతా ప్రపంచం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. ఈ చెట్లలో సైకాసిన్ అనే విషం, బీఎంఏఏ అనే నరాల విషం ఉన్నాయి. జబ్బుకి కారణం అవేనా అనే వాదన ఇంకా నడుస్తోంది. ఆ దీవి జనం గింజ తినడం తగ్గాక జబ్బు కూడా తగ్గిపోయింది, కానీ ఆ కాలంలో అక్కడి బతుకులో ఇంకా చాలా మారాయి. తేలని సంగతి కాబట్టే "నరాలకి బలం" అని దాన్ని మింగడం నాకు మింగుడు పడదు.

పలమనేరు_రైతు
ఎర్రచందనం గ్లాసులో నీళ్లు తాగితే మతిమరుపు రాదని మా ఊర్లో ఒకాయన చెప్తాడు. అది కూడా ఇట్లాంటిదేనా సార్?

శేషాచలం_స్కాలర్
అన్నా, ఎర్రచందనం చెక్కలోంచి 1940లో టెరోస్టిల్బీన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. ఆ పేరు కూడా ఈ చెట్టు శాస్త్రీయ నామం నుంచే వచ్చింది. రెస్వెరట్రాల్‌కి దగ్గరి చుట్టం, పేగుల్లోంచి దానికన్నా బాగా ఇముడుతుంది. ఎలుకల్లో మెదడు మీద మంచి ఫలితాలున్నాయి. మనుషుల్లో మతిమరుపుకి పనిచేస్తుందని రుజువు లేదు. పైగా అది నీళ్లలో కరిగేది చాలా తక్కువ. గ్లాసులోకి దిగే ఎరుపు వేరే రంగు పదార్థాలది.

మదనపల్లె_లత
చిన్న ప్రశ్న. చిక్కుడు గింజల్లో లెవోడోపా ఉందని వీడియో చూశాను. మన అనపకాయలు కూడా అంతేనా? పితికిపప్పు చేసిన రోజు మా మామయ్య చేతి వణుకు తగ్గిందని అనుకుంటున్నాం.

ఫార్మసీ_రమణయ్య
లత గారూ, వీడియోలోది బాకలా చిక్కుడు, జాతి వేరు. అనపగింజని లెవోడోపా కోసం లెక్కపెట్టుకోవద్దు. పార్కిన్సన్స్ వణుకు రోజుకోలా ఉంటుంది. నిద్ర బాగా పట్టినా, మనసు తేలికపడినా తగ్గుతుంది. పైగా పితికిపప్పులో మాంసకృత్తులు ఎక్కువ, మాత్ర వేళకి ఎడంగా పెట్టండి. బాకలా తెప్పించుకోవాలని చూస్తే ఒక హెచ్చరిక: జీ6పీడీ లోపం (రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లకి అది రక్తకణాల్ని పగలగొడుతుంది.

వాణి_బైరాగిపట్టెడ
అందరికీ కృతజ్ఞతలు. నాన్నని న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. పొడి డబ్బా కూడా పట్టుకెళ్లాం. ఆయన కోప్పడలేదు. "తేవడం మంచి పని చేశారు, చాలామంది దాచిపెడతారు" అన్నారు. పొడి వద్దన్నారు. మాత్ర టిఫిన్‌కి అరగంట ముందుకు జరిపారు, పూటల మధ్య ఎడం కొంచెం తగ్గించారు. గుడ్లు, పప్పు రాత్రికి మార్చాం. పదకొండు గంటల ఆ ఇబ్బంది పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. మేనత్తకి ఎలా చెప్పాలో తెలియలేదు, తను ప్రేమతోనే తెచ్చింది. నాన్నే ఫోన్ చేసి మాట్లాడారు.

కొర్లగుంట_ప్రసాద్
సంతోషం అమ్మా. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మన దేశంలో ఇప్పుడు ఏ మొక్క మీద ఏ పరీక్ష నడుస్తోందో మామూలు మనిషి ఎక్కడ చూడాలి? పేపర్లో వచ్చే వార్తల మీద నాకు నమ్మకం పోయింది.

న్యూరో_పీజీ
ప్రసాద్ గారూ, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా అని ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. 2007లో మొదలైంది, 2009 నుంచి మందుల పరీక్ష ఏదైనా మొదలుపెట్టే ముందే అందులో నమోదు చేయాలి. ఆయుర్వేద పరీక్షలూ ఉంటాయి. జబ్బు పేరు పెట్టి వెతికితే ఎక్కడ చేస్తున్నారు, ఎంతమంది మీద, దేంతో పోల్చి చూస్తున్నారు అన్నీ కనిపిస్తాయి. పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర తీసుకునే గుంపు ఉందా లేదా అనేది ముందు చూడండి. చేరాలనుకుంటే అక్కడే ఇచ్చిన నంబరుకి ఫోన్ చేయొచ్చు, చేరడానికి డబ్బు అడిగితే మాత్రం అనుమానించండి.

ఇంకోటి. ఇంట్లో ఎవరికైనా పొడి, క్యాప్సూల్, మాత్ర ఏదైనా పడక వాంతులు, కళ్లు పచ్చబడటం, కొత్తగా మెలికలు తిరగడం లాంటివి వస్తే ముందు ఆసుపత్రికి వెళ్లండి, ప్యాకెట్ పారేయకుండా పట్టుకెళ్లండి. ఆ తర్వాత 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పండి. మందుల చెడు ప్రభావాల్ని నమోదు చేసే జాతీయ విభాగం నంబరు, ఉచితం. డాక్టరే చెప్పాలని లేదు, ఇంట్లోవాళ్లూ చెప్పొచ్చు. బ్యాచ్ నంబరు, కొన్న తేదీ, ఎన్నాళ్లు వాడారు, దాంతో పాటు ఇంకేం వాడుతున్నారు, ఇవి రాసి పెట్టుకుని చేయండి.